ఇరవైతొమ్మిది గొట్టాల మీద ఒకే చెయ్యి

కరెంటు పుట్టించే కేంద్రాల్లో పనిచేయబోయేవాళ్లకు తర్ఫీదు ఇవ్వడానికి ప్రభుత్వం కట్టించిన భవనంలో పనికొచ్చే కరెంటు లేదు. నవ్వించడానికి రాస్తున్న మాట కాదు, కళ్లారా చూసింది. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రిన్సిపాల్ గదిలో ఏసీ వణికిస్తుంది. వెల్డింగ్ షెడ్డులో ప్లాస్టిక్ ముసుగులు కూడా విప్పని పది యంత్రాలకు కావలసిన త్రీఫేజ్ లైను మాత్రం రాలేదు. లైను అడగవలసిన ఆఫీసూ, ఇవ్వవలసిన ఆఫీసూ ఒకే ప్రహరీలో ఉన్నాయి. నడుమ ఒక సైకిల్ స్టాండు. ఆ స్టాండు దాటడానికి ఫైలుకు పదకొండు నెలలు పట్టింది.

గేటు పక్కన మూడు శిలాఫలకాలు. ఒకటి శంకుస్థాపనది, రెండోది ప్రారంభోత్సవానిది, మూడోది 'ఆధునికీకరించిన విభాగం' ప్రారంభోత్సవానిది. ఆధునికీకరణ అంటే గోడలకు నీలం రంగు పూసి పెద్ద టీవీ ఒకటి తెచ్చి పెట్టడం. దానికి వైరుతో కట్టిన బొమ్మ వెల్డింగ్ టార్చి ఉంటుంది. గాలిలో ఆడిస్తే తెర మీద నిప్పురవ్వలు రాలతాయి, ఆఖర్న చప్పట్లు వినిపిస్తాయి. ఆరు నెలల శిక్షణలో అయిదు నెలలు ముప్పైమంది ఆ చప్పట్లే కొట్టించుకున్నారు.

నేను చాలా ఊళ్లు తిరిగినవాణ్ణి. పడవలు కట్టేవాళ్ల పక్కన కూర్చున్నాను, గడియారాలు విప్పేవాళ్ల భుజాల మీదుగా చూశాను, పుస్తకాలు కుట్టేవాళ్ల దగ్గర జిగురు వాసన పీల్చాను. పనిముట్టు పట్టకుండా పని వచ్చినవాడు ఎక్కడా తగల్లేదు. ఆ విద్య ప్రభుత్వాలు కొత్తగా కనిపెట్టాయి.

ఆ ఊళ్లో మూడు నెలలు ఉన్నాను. పవర్ ప్లాంటు వెనక వీధిలో ఒక మేడగది అద్దెకు తీసుకున్నాను, పెట్టెడు పుస్తకాలు చదివి పారేద్దామని. చదవనివ్వలేదు. కింద, పెరట్లో రేకుల షెడ్డు. అందులోంచి పొద్దస్తమానం 'సుయ్' మని సన్నటి శబ్దం, నీలిరంగు మెరుపు. చూడకుండా ఉండలేము, చూస్తే కళ్లు పోతాయి. ఇంటాయన బాయిలర్ వెల్డరు. వీధివీధంతా ఆయన్ని పుర్రచేతి మేస్త్రి అంటారు. ఎదుటే అంటారు, ఆయన పలుకుతాడు.

చిన్నప్పుడు బళ్లో ఎడంచేత్తో రాస్తున్నాడని పంతులు ఆ చేతిని బెంచీకి కట్టేశాడట. "అందుకే రాత కుడిచేతికి వచ్చింది, పని ఎడంచేతికి వచ్చింది. నా రాత ఎలా ఉంటుందో చూశారుగా," అని నవ్వేవాడు. పందొమ్మిదో ఏట ప్లాంటులో గొట్టాలు మోసే పనికి చేరాడు. బాయిలర్ అంటే లోపల గోడలన్నీ గొట్టాలే. గొట్టానికీ గొట్టానికీ మధ్య బొటనవేలు కూడా సరిగ్గా దూరదు. అతుకు పెట్టవలసివస్తే ముందువైపు కనిపిస్తుంది, వెనకవైపు కనపడదు. అక్కడ చిన్న అద్దం నిలబెట్టి, అద్దంలో చూస్తూ వెల్డు వెయ్యాలి. అద్దంలో అన్నీ తిరగబడతాయి. ఇటు జరపాలనుకున్న చెయ్యి అటు పోతుంది. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా అక్కడ తడబడతారు. ఒకరోజు ఫోర్‌మన్ సరదాకి మోతగాళ్లందరికీ తలొక అద్దం ఇచ్చి పందెం పెట్టాడు. అందరూ గోడను మసిచేశారు. ఈయన మొదటిసారే గీత గీసినట్టు వేశాడు.

"అద్దంలో నాకు అన్నీ సవ్యంగా కనిపించాయండీ. అప్పటిదాకా బయట లోకమే తిరగబడి ఉంది," అన్నాడు నాతో.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. ప్రతి వెల్డరుకూ ఒక నంబరు, ఆ అంకెలున్న ఉక్కు పంచ్‌లు ఉంటాయి. అతుకు పూర్తవగానే దాని పక్కన పంచ్ పెట్టి సుత్తితో తన నంబరు కొట్టాలి. పదేళ్ల తరవాత గొట్టం పగిలినా ఎవరి చేతిపనో తెలుస్తుంది. ఈయన నంబరు నలభై ఒకటి. ముప్పై అయిదేళ్లలో నలభై ఒకటి ఉన్న అతుకు ఒక్కటి కూడా కారలేదు. కారితే ఏమవుతుందో ఆయనే చెప్పాడు. మనకు తెల్లగా కనిపించేది చల్లారిన ఆవిరి. బాయిలర్లోంచి చిమ్మే అసలు ఆవిరి కంటికి కనపడదు. లీకు ఎక్కడుందో వెతకాలంటే చీపురుకర్ర ముందుకు చాపి అడుగులో అడుగు వేస్తూ నడుస్తారు. కర్ర ఎక్కడ తెగి పడితే అక్కడ లీకు. కర్ర లేకుండా నడిచిన స్నేహితుడొకడు ఉండేవాడని చెప్పి, ఆ కథ అక్కడే ఆపేశాడు.

ఇంట్లో ముగ్గురు. మేస్త్రి, ఆయన భార్య, చెల్లెలి కూతురు. ఆ పిల్లకు ఇరవైనాలుగేళ్లు, తల్లి పోయినప్పటినుంచీ ఇక్కడే. ఆమెకు వెల్డింగ్ నేర్పాలని మేస్త్రి అనుకోలేదు, ఆమే షెడ్డులోకి వచ్చి కూర్చుంది. పిల్లది కుడిచేతి వాటం. ఎదురెదురుగా కూర్చుంటే ఆయన ఎడమ ఆమెకు కుడి అవుతుంది కనుక, చూసి చేస్తే చాలు, పని దానంతట అదే వచ్చింది. కరిగే తీగను వేళ్ల మధ్య నడపడం ఈ పనిలో కష్టమైన భాగం. బస్సులో కూర్చుని కూడా వేళ్ల మధ్య తీగ ముక్క నడిపేది. పక్కసీటు ఆవిడ ఒకసారి, "నరాల జబ్బా అమ్మా?" అని జాలిపడిందట. రెండేళ్లు అలా సాగింది, ఇంటి కరెంటుతో నడిచే చిన్న యంత్రం మీద, ఒక్క రేకుల షెడ్డులో. ఒక రిటైరైన మనిషి పెరట్లో కుదిరింది ఒక ప్రభుత్వానికి మూడు శిలాఫలకాల తరవాత కూడా కుదరలేదు.

కానీ పెరట్లో నేర్చిన పనికి గేటు తెరుచుకోదు. ప్లాంటులో అడుగుపెట్టాలంటే కార్డు కావాలి. కార్డు ఆ శిక్షణ కేంద్రంలో పాసైనవాళ్లకే ఇస్తారు. అందుకని ఆమె కూడా వెళ్లి ఆ ముప్పైమందిలో చేరింది. పొద్దున్న టీవీ ముందు బొమ్మ టార్చి, సాయంత్రం పెరట్లో అసలు టార్చి.

పరీక్షకు పన్నెండు రోజులుందనగా ఇంటిముందు జీపు ఆగింది. దిగినాయన శిక్షణ కేంద్రం ప్రిన్సిపాల్. ఒకసారి రిబ్బను కత్తిరించే సమయానికి కత్తెర దొరక్క పెద్దవాళ్లు అరగంట ఎండలో నిలబడ్డారట. అప్పటినుంచీ చొక్కా జేబులో కత్తెర పెట్టుకునే తిరుగుతాడు. పిల్లలు కత్తెరాయన అని పేరు పెట్టారు. జీపు వెనక కొత్త తీగ, గ్యాసు సిలిండరుతోబాటు అరవై గొట్టం ముక్కలున్నాయి. రెండేసి కలిపి అతికితే ముప్పై నమూనాలు.

"మేస్త్రిగారూ, మీరే గట్టెక్కించాలి," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "లైను ఇంకా రాలేదు. పిల్లలు నిప్పు ముట్టుకోలేదు. పరీక్ష పెట్టకపోతే ఈ పథకం మన ఊరినుంచి ఎత్తేస్తారు. పాసైన తలలు లెక్కపెట్టే పైనుంచి సాయం వస్తుంది. మీ అమ్మాయి కార్డు కూడా అందులోదేగా?"

"పరీక్ష మీ కళ్లముందే రాయాలి కదండీ?"

"రాసినట్టే. టీవీ ముందు నిలబెట్టి ఫొటోలు తీశాం. ముక్కలు మాత్రం మీరు వెయ్యండి."

"మా పిల్లది మా పిల్లే వేసుకుంటుంది."

"అంతకంటేనా! అయితే ఇరవైతొమ్మిది."

మేస్త్రి ఎందుకు ఒప్పుకున్నాడని చాలా ఆలోచించాను. పిల్ల కార్డు కోసం, నిజమే. అయితే ఆయన చేతులు ఆ గొట్టం ముక్కల్ని తడిమిన తీరు కూడా చూశాను. రెండేళ్లుగా ఎవరూ పెద్ద పనికి పిలవలేదు. మంచి ఉక్కు, కొత్త తీగ, నిండు సిలిండరు. ఆకలిగా ఉన్నవాడి ముందు విస్తరి పరిచినట్టయింది. ఈ మాట ఆయన్ని వెనకేసుకురావడానికి రాయడం లేదు.

నాలుగోరోజు షెడ్డులో గొంతులు లేచాయి. పిల్ల గొంతు.

"వాళ్ల పరీక్ష నంబర్లు నువ్వు కొడుతున్నావా మావయ్యా?"

"ముక్కలు వాళ్లవేగా."

"వెల్డు ఎవరిది?"

"నీ కార్డు కోసమేనే. లేకపోతే నాకేం సరదానా?"

"సరదాగానే ఉంది నీకు. నాలుగు రోజులనుంచీ ఈలవేస్తున్నావు." మేస్త్రి టార్చి కింద పెట్టాడు. "రేపు ఈ ఇరవైతొమ్మిదిలో ఒకడు నా పక్కన నిలబడి బాయిలర్లో అతుకు వేస్తాడు. అది పగిలితే ఆవిరి ఎవరి మీదకొస్తుంది? ఆ టీవీ మీదకా?"

అప్పుడే మేస్త్రి భార్య టీ పట్టుకుని వెళ్లింది. "ముందు గొంతు తడుపుకోండి, తరవాత మీ మావాకోడళ్లు కొట్టుకుచద్దురుగాని," అంది. ఆ ఇంట్లో కిటికీల మీద రోజూ పొద్దున్నే సన్నటి బూడిద పేరుకుంటుంది. ఆమె రోజూ తడిగుడ్డతో తుడుస్తుంది. ఆ గుడ్డ తెల్లగా ఉండగా చూసినవాళ్లు లేరు. ఏ గొడవకూ ఆమె పెద్దగా చలించదు.

పిల్ల తన ముక్క తనే వేసుకుంది, కుడిచేత్తో, అద్దంలో చూస్తూ. మేస్త్రి దాన్ని గోటితో గీకి చూసి తలాడించాడు. ఆయన నోట మెప్పు అంతకంటే రాదు. ముప్పై ముక్కలూ జీపెక్కాయి.

పదిహేనో రోజున ఫలితాలు గోడకు అంటించారు. ఇరవైతొమ్మిది మంది పాస్. ఒకరు ఫెయిల్. ఆ ఒకరు ఎవరో చెప్పనక్కర్లేదనుకుంటాను.

కారణం వేరే కాగితం మీద రాసిచ్చారు. నేను ఆ కాగితం చేత్తో పట్టుకుని మూడుసార్లు చదివాను. 'ఎక్స్‌రేలో లోపం లేదు. అయితే వెల్డు తీరు బ్యాచ్‌లోని మిగతా నమూనాలకు భిన్నంగా ఉన్నందున, బయటి వ్యక్తిచేత చేయించినట్టు అనుమానించడమైనది. అభ్యర్థిని రెండేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించడమైనది.'

ముప్పైలో స్వయంగా వేసినది ఒక్కటే. దొంగదని తేల్చింది ఆ ఒక్కదాన్నే! చాలా రాజ్యాల చరిత్రలు చదివాను. అమాయకుణ్ణి శిక్షించిన తీర్పులు వాటినిండా ఉన్నాయి. కానీ నిజం చెప్పినవాణ్ణి, మిగతావాళ్లందరి అబద్ధంతో నీ మాట కలవలేదు కనుక నువ్వే అబద్ధాలకోరువి అని శిక్షించిన తీర్పు ఇంత నున్నటి కాగితం మీద చూడటం అదే మొదలు.

పిల్ల ఏడవలేదు. గోడకు ఆనుకుని వేళ్ల మధ్య తీగ నడుపుతూ కూర్చుంది. మేస్త్రి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున్నే చొక్కా తొడుక్కుని, "పద," అన్నాడు. నేనూ వెంట వెళ్లాను. వద్దనలేదు.

శిక్షణ కేంద్రం హాల్లో పొడుగాటి బల్ల, దానిమీద ఆకుపచ్చ గుడ్డ, వరసగా ముప్పై గొట్టాలు. ఆ ఫలితాలు రాసిన ఇన్‌స్పెక్టరు మెడలో భూతద్దం వేలాడేసుకున్న సన్నటి మనిషి. కత్తెరాయన పక్కనే ఉన్నాడు. మేస్త్రిని చూసి కనుబొమలతోనే 'వద్దు' అన్నాడు.

"మా పిల్లని ఎందుకు తప్పించారు సార్?" అన్నాడు మేస్త్రి.

ఇన్‌స్పెక్టరు మర్యాదగానే చెప్పాడు. "రండి, మీరే చూడండి. వెల్డు మీద పొలుసులు ఉంటాయి కదా, ఒకదానిమీద ఒకటి. ఇరవైతొమ్మిదింటి మీద ఇటునుంచి అటు పడ్డాయి. ఈ ఒక్కదాని మీద అటునుంచి ఇటు. చెయ్యి వేరు."

"బాగా కనిపెట్టారు. మరి ఇరవైతొమ్మిది మంది చేతులూ ఒకేలా ఉంటే అనుమానం రాలేదా?"

"ఒకేచోట నేర్చుకున్నారు. ఒరవడి కలుస్తుంది."

"ఒకే బళ్లో చదివినవాళ్లందరి సంతకమూ ఒకటేనా సార్? పైగా అవి ఎడంచేతి పొలుసులు. ఒక్క గదిలో ఇరవైతొమ్మిది మంది పుర్రచేతివాళ్లు పుట్టుకొచ్చారా?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కత్తెరాయన లేచాడు. "మేస్త్రిగారూ, మీకు ఒంట్లో బాగున్నట్టు లేదు..."

మేస్త్రి ఆయనవైపు తిరగలేదు. "పదమూడో గొట్టం తియ్యండి సార్. గొట్టం మీద గుర్తుగా గీసిన గాటు పైకి పెట్టి, కిందుగా, గడియారంలో అయిదు ఉండేచోట చూడండి. ఒక పొలుసు మిగతావాటికంటే పెద్దగా ఉంటుంది. అక్కడ మా ఆవిడ టీ తెచ్చింది. ఆగి, మళ్లీ మొదలెట్టాను."

ఇన్‌స్పెక్టరు భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తేసరికి ముఖంలో రంగు మారింది. ఆయన చెడ్డవాడు కాడు. వేరుగా ఉన్నదాన్ని పట్టుకోవడమే ఉద్యోగమనుకుని, అన్నీ ఒకేలా ఎందుకున్నాయని అడగడం మరిచిపోయినవాడు. ఇలాంటివాళ్ల సంతకాలతోనే సగం ప్రపంచం నడుస్తోంది.

కత్తెరాయన గొంతు తగ్గించాడు. "సరే. అమ్మాయి విషయంలో పొరపాటు జరిగింది. ఇప్పుడే దిద్దిస్తాను. ముప్పైకి ముప్పై పాస్. కార్డు ఇవాళే చేతికిస్తాం. మీరు ఇంటికెళ్లి హాయిగా పడుకోండి. ఏమంటారు సార్?"

ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు.

కార్డు అంత దగ్గరకు వచ్చింది. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడిన మేనకోడలి వైపు చూశాడు. "ఏమే?" అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం ఉంది. ఒప్పుకోమని బతిమాలుతున్నాడో, వద్దనమని బతిమాలుతున్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

"నీ పంచ్‌లు తెచ్చావా మావయ్యా?" అంది పిల్ల.

తెచ్చాడు. ముప్పై అయిదేళ్లుగా అవి లేకుండా గడప దాటిన మనిషి కాదు. జేబులోంచి 'నాలుగు' అంకె పంచ్ తీశాడు, 'ఒకటి' అంకెది తీశాడు, సంచిలోంచి సుత్తి తీశాడు. మొదటి గొట్టం దగ్గరకు లాక్కుని, అవతలి మనిషి నంబరు పక్కన నలభై ఒకటి కొట్టాడు. తరవాత రెండోది. హాలంతా ఉక్కు మోత.

"ఆపవయ్యా! ప్రభుత్వ ఆస్తి అది!" అని అరిచాడు కత్తెరాయన.

"గొట్టం ప్రభుత్వానిదే సార్. వెల్డు నాది."

ఇరవైతొమ్మిదింటి మీదా కొట్టాడు. మధ్యలో ఎవరూ చెయ్యి పట్టుకోలేదు, ఎడంచేతిలో సుత్తి ఉంది కనుక. ముప్పయ్యోదాన్ని గుడ్డతో తుడిచి, ముట్టుకోకుండా పక్కన పెట్టాడు.

విచారణ జరిగింది. పరీక్ష మొత్తం రద్దయింది, పిల్లదానితో సహా. మేస్త్రి నంబరు రిజిస్టరులోంచి శాశ్వతంగా కొట్టేశారు. తప్పు ఒప్పుకున్నవాడు ఆయన ఒక్కడే కనుక శిక్ష వెయ్యడానికి వాళ్లకి సులువుగా దొరికాడు. కత్తెరాయన్ని ఇంకా పెద్ద కేంద్రానికి బదిలీ చేశారు. అక్కడ రిబ్బన్లు ఎక్కువ. నివేదికలో జరిగినదాన్ని 'నమూనాల గుర్తింపులో సాంకేతిక లోపం' అన్నారు. ఇక నా ఒళ్లు మండిన సంగతి చెబుతాను. విచారణకు పెద్దలు వస్తున్నారని తెలియగానే త్రీఫేజ్ లైను తొమ్మిది రోజుల్లో వచ్చింది. తొమ్మిది రోజులు! పదకొండు నెలలు సైకిల్ స్టాండులో పడున్న ఫైలుకు రాత్రికి రాత్రి కాళ్లొచ్చాయి. డబ్బు ముందునుంచీ ఉంది, యంత్రాలు ఉన్నాయి, నేర్చుకోవాలని ముప్పైమంది కూర్చుని ఉన్నారు. లేనిది సిగ్గొక్కటే.

పాసై ఫెయిలైన ఇరవైతొమ్మిది మందిలో ఒకాయన, ఇద్దరు పిల్లల తండ్రి, మేస్త్రి ఇంటిమీదకు వచ్చాడు. "మా నోటిదగ్గర కూడు లాగేశారు. మీకేం, మీ పిల్లకు పని వచ్చు," అని కేకలు పెట్టాడు. అందులో అబద్ధమేముంది? పిల్ల ఆయనతో వాదించలేదు. ముఖానికి అడ్డుపెట్టుకునే ముసుగు చేతికిచ్చి, "కూర్చో అన్నయ్యా," అంది. మర్నాడు కూడా వచ్చాడు. వారం తిరిగేసరికి పెరట్లో నలుగురయ్యారు. మేస్త్రి భార్య పెద్ద గిన్నె తీసింది, టీకి.

నాలుగు నెలలకు మళ్లీ పరీక్ష, ఈసారి నిజం నిప్పుతో, ఇన్‌స్పెక్టరు భుజం మీదుగా చూస్తుండగా. నేను అప్పటికే ఊరు విడిచాను, కానీ ఆ ఫలితం కోసం రెండు రైళ్లు మారి వెనక్కి వచ్చాను. ముప్పైలో పందొమ్మిది మంది పాసయ్యారు. పిల్లది అందరికంటే ముందు. గేటు పక్కన నాలుగో శిలాఫలకం వెలిసింది, త్రీఫేజ్ లైను ప్రారంభోత్సవానిది. దానిమీద ఏడుగురి పేర్లు. మేస్త్రి దానిముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివాడు.

"వెల్డు వెయ్యనివాళ్ల పేర పంచ్ కొట్టడం నేనొక్కణ్ణే చేశాననుకున్నాను," అన్నాడు.

పిల్లకు వచ్చిన నంబరు నూటపన్నెండు. మేస్త్రి ఆ కొత్త పంచ్‌లను చెత్త ఇనుము మీద కొట్టి చూశాడు. రెండు ఒకట్లూ ఒకే లోతున దిగేదాకా నాలుగుసార్లు కొట్టించాడు. మొదటిరోజు గేటు దాకా తోడు వెళ్లాడు. కాపలావాడు పిల్ల కార్డు చూసి లోపలికి పంపించాడు, పాత పరిచయం కొద్దీ మేస్త్రికి నమస్కారం పెట్టాడు, గొలుసు వేశాడు.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి మేస్త్రి అరుగు మీదే ఉన్నాడు. పిల్ల బూట్లు విప్పుతోంది. కనుబొమల మీదంతా బూడిద.

"ఎన్ని?" అన్నాడు.

"నాలుగు."

"అద్దంతోనా?"

"రెండు అద్దంతో."

"నంబరు కొట్టావా?"

"కొట్టాను మావయ్యా."

"చెయ్యి చూపించు," అన్నాడు. ఆమె ఎడంచెయ్యి చాపింది. పంచ్ పట్టుకునే రెండు వేళ్ల మీదా సుత్తి జారి తగిలిన కొత్త కమిలిన మచ్చ ఉంది. తన కుడిచెయ్యి దాని పక్కన పెట్టి, పాత మచ్చతో పోల్చి చూశాడు. తరవాత లోపలికి వినపడేలా, "టీ!" అని కేకేశాడు.